రోజుకో షిల్లింగు జీతగాడి వెంట ఆరు రోజులు

మొదటి రోజు, శుక్రవారం: విండ్సర్

స్లౌలో మా అమ్మాయి ఇంటి దగ్గర్నుంచి విండ్సర్‌కి రైల్లో ఆరు నిమిషాలు. మా రాజమండ్రి స్టేషన్లో రైలు కదిలి గోదావరి బ్రిడ్జి దాటేలోపు ఇక్కడ ఊరు మారిపోతుంది.

పోయినసారి వచ్చినప్పుడు అందరూ అడిగే పని చేసేశాను. డార్కింగ్ వెళ్లి కాటన్ దొర సమాధికి దండం పెట్టుకొచ్చాను. ధవళేశ్వరం కాలవ నీళ్లు తాగి పెరిగినవాడికి అది తప్పదు. అదే ప్రయాణంలో వించెస్టర్ కూడా వెళ్లాం. అక్కడ కథీడ్రల్లో ఓ పెద్దాయన ఒక సమాధి చూపించి, "ఈయన బిషప్పు, రెండుసార్లు దేశానికి ఛాన్సలర్, అంటే రాజుగారి పెద్ద మంత్రి, కానీ మొదలుపెట్టింది మాత్రం రాజుగారి కట్టడాల గుమాస్తాగా" అన్నాడు. నేను ముప్ఫై నాలుగేళ్లు రోడ్లు భవనాల శాఖలో ఇంజనీరుని, ఏఈగా చేరి డీఈగా దిగినవాణ్ణి. ఆ మాట చెవిలో ఉండిపోయింది. ఈసారి ఆ మనిషి నడిచిన చోట్లన్నీ వరసగా చూడాలని పెట్టుకున్నాను. "మీకు రిటైరయ్యాక కూడా సైటు ఇన్‌స్పెక్షన్ వదల్లేదు" అంది మా ఆవిడ. అని, తానూ బయల్దేరింది.

ఆయన పేరు విలియం ఆఫ్ వికమ్. 1324లో హాంప్‌షైర్‌లోని వికమ్ అనే పల్లెలో పుట్టాడు. తండ్రి జాన్ లాంగ్ సామాన్య రైతు. చదువు వించెస్టర్లో ఓ మోస్తరుగా అబ్బింది. ఆక్స్‌ఫర్డ్ మొహం చూడలేదు. 1356 అక్టోబర్లో మూడో ఎడ్వర్డ్ ఆయన్ని ఈ విండ్సర్ కోట పనులకు సర్వేయర్‌గా వేశాడు. జీతం రోజుకో షిల్లింగు (పౌండులో ఇరవయ్యో వంతు), పని మీద ఊరు దాటితే రెండు. టీఏ, డీఏ అన్నమాట. దాంతోపాటు ఇచ్చిన అధికారాలు చూడండి: రాయి, కలప, బండ్లు ఎక్కడ దొరికితే అక్కడ సేకరించవచ్చు, రాతిపనివాళ్లను జిల్లాలవారీగా పట్టి తెప్పించవచ్చు, పారిపోయినవాళ్లను పట్టించి లోపల వేయించవచ్చు. జిల్లాల షెరీఫులకు ఇంతమంది మేస్త్రీల్ని పంపమని రాజు తాఖీదులు వెళ్లాయి. కూలీలు దొరక్క పుష్కరాల ఘాట్ల పని నడిపిన రోజులు గుర్తొచ్చాయి. నాకు తాఖీదు ఇచ్చేవాళ్లెవరూ లేరు.

ఆ ఏడాదే పోయిటియర్స్ యుద్ధంలో ఫ్రాన్స్ రాజు ఇంగ్లీషువాళ్ల చేతికి చిక్కాడు. స్కాట్లండ్ రాజు అప్పటికి పదేళ్లుగా బందీ. ఇద్దరి విడుదలకూ బేరాలు నడుస్తున్నాయి, డబ్బు వస్తుందన్న ధీమా ఉంది. మొత్తం విండ్సర్ మీద ఎడ్వర్డ్ పెట్టిన ఖర్చు 51,000 పౌండ్లని లెక్క తేల్చారు. మధ్యయుగపు ఇంగ్లండులో ఏ రాజూ ఒక్క కోట మీద అంత పెట్టలేదు.

లోపల రాజుగారి గదులు, బంగారు పూతలు, బొమ్మలు చూసుకుంటూ జనం వెంట నడిచాం. అవి చాలావరకు తర్వాతి కాలం సింగారింపు. నాకు కావలసింది కింద దొరికింది. ఎడ్వర్డ్ హయాంలో కట్టిన నేలమాళిగను ఇప్పుడు కాఫీ హోటల్ చేశారు. ట్రే పట్టుకుని కూర్చుని పైకి చూశాను. పొట్టి స్తంభాలు, వాటి తలలోంచి గొడుగు పుల్లల్లా విచ్చుకున్న రాతి బద్దలు, బద్దల మధ్య చిన్న రాళ్ల కూర్పు. అలంకారం ఏమీ లేదు, పైన ఉన్న మహల్ బరువంతా ఆరున్నర శతాబ్దాలుగా మోస్తోంది. ఒక బద్ద మీద రాయికీ రాయికీ మధ్య అతుకు వేలితో తడిమాను. గోరు కూడా దూరదు. "కాఫీ చల్లారిపోతోందండీ" అంది మా ఆవిడ.

కోటలో వించెస్టర్ టవర్ అని ఒకటుంది. దాని గురించి ఓ కథ చెబుతారు. మన వాడు దాని మీద లాటిన్లో మూడు మాటలు చెక్కించాడట: 'హోక్ ఫెకిట్ వికమ్'. దీన్ని వికమ్ చేశాడు అని అర్థం. గిట్టనివాళ్లు వెళ్లి రాజుకి చాడీ చెప్పారు, ఖర్చు తమది, పేరు వాడిదీ అని. రాజు పిలిపిస్తే, "చిత్తం, నా ఉద్దేశం వికమ్‌ని ఇది చేసింది అని" అన్నాడట. లాటిన్లో ఆ మూడు మాటలకీ రెండు అర్థాలూ వస్తాయి. తెలుగులో అయితే 'ని' అనే ఒక్క ప్రత్యయం దగ్గర దొరికిపోయేవాడు. కథ నిజమో కాదో కానీ, పైవాడి ముందు కాగితాన్ని ఎలా చదివి వినిపించాలో తెలిసినవాడి కథ మాత్రం అవును.

రెండో రోజు, శనివారం: లండన్, సదర్క్

మా అల్లుడికి సెలవు. బరో మార్కెట్లో జనం తిరునాళ్లలా ఉన్నారు. పక్క సందులో, క్లింక్ వీధిలో, ఒక గోడ మాత్రం నిలబడి ఉంది. దాని నెత్తిన గుండ్రటి రాతి కిటికీ, చక్రం ముగ్గు వేసినట్టు. వించెస్టర్ బిషప్పుల లండన్ మహల్లో మిగిలింది అదే. ఎన్నో గిడ్డంగుల్లో కలిసిపోయి మరుగునపడితే 1814లో అగ్నిప్రమాదం వల్ల బయటపడిందట.

చుట్టూ ఉన్న భూమంతా బిషప్పు ఏలుబడి. లండన్ నగరం చట్టాలు ఇక్కడ చెల్లవు. అందుకని నగరంలో కుదరని వ్యాపారాలన్నీ ఏటికి ఈ ఒడ్డున వెలిశాయి. "వించెస్టర్ బాతులు అనేవాళ్లట మామయ్యా" అని మా అల్లుడు మొదలుపెట్టి, వాళ్లత్తగారు పక్కనే ఉందని గుర్తొచ్చి దగ్గాడు. ఆవిడకి నేను తర్వాత చెప్పాను: ఇక్కడి వేశ్యలకు పెట్టిన పేరది, వాళ్ల ఇళ్ల మీద అజమాయిషీ బిషప్పుగారిది. "మరి దేవుడు?" అంది. ఆయనకీ బిషప్పుకీ మధ్య లెక్కలు వేరే అన్నాను.

విండ్సర్ గుమాస్తా ఇక్కడిదాకా వచ్చిన వేగం చెప్పాలి. 1362లో గానీ పూర్తి పూజారి దీక్ష తీసుకోలేదు. 1363కి రాజుగారి అంతరంగ ముద్ర ఆయన చేతిలో ఉంది. 1367లో వించెస్టర్ బిషప్పు, అదే ఏడు ఛాన్సలర్. ఇంగ్లండులో అన్నిటికన్నా రాబడి ఎక్కువున్న బిషప్పు పీఠం వించెస్టరే. అంతకు ముందే దేశమంతా చర్చి పదవులు పోగేసుకున్నాడు. 1366లో పోప్ లెక్కలడిగితే ఏడాదికి 870 పౌండ్లు దాటాయి. రోజుకో షిల్లింగు చొప్పున ఏడాదికి పద్దెనిమిది పౌండ్లు తెచ్చుకున్న మనిషి! ఆ చర్చిల్లో ఆయన ఒక్కనాడు పూజ చేసింది లేదు. మన ఆఫీసుల్లో ఒకే మనిషికి నాలుగు కుర్చీలు ఎఫ్ఏసీ, అంటే అదనపు బాధ్యత కింద, ఇస్తారు చూడండి, అచ్చం అదే. రాజు ఖజానాలోంచి జీతం ఇవ్వకుండా దేవుడి ఖాతాలోంచి ఇప్పించడం ఆ కాలపు పద్ధతి. పద్ధతి గనక తప్పు లేదని నేను అనను. ఆయన్ని మెచ్చుకుంటూనే ఈ కాలమ్ దగ్గర ఎర్ర సిరా గీత పెట్టుకున్నాను.

ఎక్కినవాడు పడ్డాడు కూడా. 1371లో ఫ్రాన్స్ యుద్ధం చెడింది, పాదిరీలు మంత్రులుగా వద్దని పార్లమెంటు పట్టుబట్టింది, రాజీనామా చేశాడు. 1376 పార్లమెంటులో రాజుగారి మనుషుల అవినీతి మీద నోరు విప్పినవాళ్లలో ఈయనా ఉన్నాడు. రాజు కొడుకు జాన్ ఆఫ్ గాంట్ అది మరిచిపోలేదు. ఆ నవంబర్లో పాత ఫైళ్లన్నీ తిరగేసి అభియోగాలు పెట్టించాడు. ఫ్రాన్స్ బందీల సొమ్ము, యుద్ధంలో నష్టాలు, పెద్దపెద్దవి. ఏదీ నిలవలేదు. నిలిచింది ఒక్కటే: ఛాన్సలర్‌గా ఉండగా జాన్ గ్రే అనే ప్రభువు కట్టాల్సిన 80 పౌండ్ల రుసుమును రికార్డులో దిద్ది 40 చేయించాడు.

దిద్దుబాటు! ఆ గోడ ముందు నిలబడి నాకు నవ్వూ వచ్చింది, ఇంకోటీ వచ్చింది. నా సర్వీసు చివర్లో ఒక కల్వర్టు పని ఎం బుక్కులో, అంటే కొలతల పుస్తకంలో, 6ని 8గా దిద్ది ఉందని ఆడిట్ అభ్యంతరం వచ్చింది. దిద్దింది నేను కాదు, కింద సంతకం నాది. పదకొండు నెలలు పింఛను కాగితాలు కదల్లేదు. కోట్ల పనుల్లో ఎవరూ వేలు పెట్టలేదు, ఆ ఒక్క అంకె దగ్గర పట్టుకున్నారు. వికమ్ తప్పు చేయలేదని నేను అనడం లేదు. ఎక్కడ పట్టుకుంటారో తెలిసినవాణ్ణి, అంతే.

బిషప్పు ఆస్తులన్నీ జప్తు. రాజు ఉన్న చోటికి ఇరవై మైళ్ల లోపుకు రాకూడదని ఆంక్ష. తర్వాతి ఏడు చర్చి సభ కూడినప్పుడు, వికమ్ వస్తేగానీ రాజుకి డబ్బు మంజూరు చేయమని లండన్ బిషప్పు కోర్టెనే మొండికేశాడు. 1377 జూన్ 18న ఆస్తులు తిరిగి వచ్చాయి. మూడో నాడు రాజు పోయాడు.

మూడో రోజు, సోమవారం: ఆక్స్‌ఫర్డ్

రెడింగ్‌లో రైలు మారాం. వాన.

న్యూ కాలేజ్ అంటే కొత్త కాలేజీ. 1379 నాటిది, ఇంకా కొత్తదే. దాని అసలు పేరు సెయింట్ మేరీ కాలేజీ, అప్పటికే ఊళ్లో ఆ పేరుతో ఇంకోటి ఉండటంతో దీన్ని కొత్తది అన్నారు, అదే నిలిచిపోయింది. మా ఊళ్లో పాత 'కొత్తపేట' లాగా.

పదవి పోయి, పరువు పోయి, తిరిగొచ్చిన రెండేళ్లకు ఆయన పెట్టిన పని ఇది. కారణం ఆయనే రాశాడు: జబ్బు వల్ల, యుద్ధాల వల్ల పాదిరీలు కరువైపోయారు. 1348-49 ప్లేగులో వించెస్టర్ పరిధిలో పాదిరీలు దగ్గరదగ్గర సగం మంది పోయారు. కాలేజీకి దొరికిన స్థలం ఊరి గోడ వార, ఎవరికీ అక్కర్లేని చెత్త నేల. స్థలం ఇస్తూ ఊరివాళ్లు ఒక షరతు పెట్టారు, కాలేజీ తన వైపున్న ఊరి గోడను తానే బాగుచేసుకోవాలని. ఇప్పటికీ మూడేళ్లకోసారి మేయరుగారు మందీమార్బలంతో వచ్చి గోడ చూసి వెళతారు. ఆక్స్‌ఫర్డ్‌లో పాత ఊరి గోడ ఇక్కడే అంత బాగా మిగిలింది. ఆరువందల ఏళ్లు దాటిన మెయింటెనెన్స్ అగ్రిమెంటు, ఇంకా అమల్లో ఉంది! మాకు మూడేళ్ల డిఫెక్ట్ లయబిలిటీ పీరియడ్‌లో, లోపాలు తానే సరిచేయాల్సిన గడువులో, కాంట్రాక్టరు ఫోనెత్తడు.

ఆయన ఒక వార్డెన్‌కీ, 70 మంది విద్యార్థులకీ సరిపడా ముందే లెక్క వేసి ప్లాను గీయించాడు. హాలు, చాపెలు ఒకే వరసలో వెనకా వెనకా, నాలుగు పక్కలా గదులు, మధ్యలో ముంగిలి. అంతకు ముందు కాలేజీలు దొరికిన ఇంటికి ఇంకో ఇల్లు అతికించుకుంటూ పెరిగాయి. ఇది ఒక్క ఎస్టిమేటులో లేచింది. 1380 మార్చి 5న పునాదిరాయి, 1386 ఏప్రిల్ 14న గృహప్రవేశం. రూల్సు కూడా అలాగే రాశాడు, వేటకుక్కలు, డేగలు పెంచకూడదన్నంత వరకూ. కుర్రాళ్లు ఏం చేస్తారో ముందే తెలిసినట్టు.

చాపెల్ ముందు గదిలో ఆ కాలం నాటి రంగుటద్దాల కిటికీలు ఉన్నాయి. ప్రతి కిటికీ అడుగునా ఒకటే వరస: ఈ కాలేజీ స్థాపకుడు, వించెస్టర్ బిషప్పు విలియం ఆఫ్ వికమ్ కోసం ప్రార్థించండి. ఒకదాని తర్వాత ఒకటి. మా ఆవిడ పైకి చూస్తూ, "మన గుళ్లో ట్యూబులైట్ల మీద దాతల పేర్లు రాయించినట్టు రాయించాడు" అంది. వెలుగు రాకుండా పేరొక్కటే కనపడే ట్యూబులైట్లు నేను చూశాను. ఇక్కడ వెలుగు వస్తోంది.

ఆయన చేతి కర్ర కూడా అక్కడే అద్దాల పెట్టెలో ఉంది. వెండి మీద బంగారు పూత. వంపు లోపలా, కింద గూళ్లలో వేలెడంత బొమ్మలు, ఎనామెల్ రంగులు. అది చేత్తో పట్టుకుంటే ఎంత బరువుంటుందో అనుకున్నాను. తోటలో ఒక మట్టి దిబ్బ ఉంది. దాని మెట్ల ముందు చప్పట్లు కొడితే పక్షిపిల్ల కీచుమన్నట్టు తిరిగి వినపడుతుంది. దానికీ వికమ్‌కీ సంబంధం లేదు. మా ఆవిడ పదిసార్లు కొట్టింది.

నాలుగో రోజు, మంగళవారం: వించెస్టర్

ఈ ఒక్క రోజు కోసమే మిగతా ఐదు రోజులూ.

కథీడ్రల్ పొడవు 170 మీటర్లు. పడమటి గుమ్మంలో నిలబడితే రెండు పక్కలా స్తంభాలు సన్నటి నిలువు గీతలతో పైకి వెళ్లి, కొబ్బరి మట్టల్లా విచ్చుకుని కప్పులో కలిసిపోతాయి. అందరూ ఇక్కడ ఫోటో తీస్తారు. నేను మాత్రం మొదట దాన్ని చూడకుండా తిన్నగా నడిచి, ఉత్తరపు రెక్కలోకి వెళ్లాను. ఇక్కడ ఎవరూ ఆగరు. దుక్కలాంటి మొద్దు స్తంభాలు, గుండ్రటి కమానులు, ఒకదాని మీద ఒకటి మూడు అంతస్తులు. 1079లో మొదలైన నార్మన్ కట్టడం, పుట్టినప్పుడు ఎలా ఉందో అలాగే ఉంది. మధ్య మంటపం కూడా ఒకప్పుడు ఇలాగే ఉండేది.

ఆయన ముందున్న బిషప్పు ఎడింగ్టన్ పడమటి చివర మార్చడం మొదలుపెట్టి పోయాడు. వికమ్ 1394లో, డెబ్బై ఏళ్ల వయసులో, మిగతాది చేపట్టాడు. కూలగొట్టి కట్టొచ్చు, డబ్బుంది. కూలగొట్టలేదు. పాత స్తంభాన్నే ఉలితో చెక్కి కొత్త స్తంభం చేశారు. దక్షిణం వైపు కొన్ని స్తంభాల్లో ఆ నార్మన్ రాళ్ల మీదే కొత్త గీతలు తీశారు. కొన్నిచోట్ల పైపొర తీసేసి కొత్త రాయి తొడిగారు. కింది కమానూ, మధ్య కమానూ కలిపి ఒకే ఎత్తైన కోసు కమాను చేశారు. పైన కప్పుంది, లోపల మొద్దు ఉంది, దాని మీద బరువుంది, అది అలా మోస్తుండగానే దాన్ని చెక్కారు. మొద్దు లోపల వరకే గుండె ఉందని, అంచు తీసినా నిలుస్తుందని ఎవడో తెలిసినవాడు చెప్పి ఉండాలి.

చెప్పినవాడు విలియం విన్‌ఫర్డ్, రాతిపని పెద్ద మేస్త్రీ. విండ్సర్లో రోజుకో షిల్లింగు నాటి నుంచీ వికమ్‌కి తెలిసినవాడు. ఆక్స్‌ఫర్డ్ కట్టించిందీ అతనితోనే. పెద్ద వడ్రంగి హ్యూ హర్లండ్. 1393 నాటి బిషప్పు ఇంటి ఖర్చుల చిట్టాలో ఈ ఇద్దరూ భోజనాల బల్ల దగ్గర కనపడతారు. డీఈ క్యాంపుకొస్తే మేస్త్రీ బయట అరుగు మీద తింటాడు, మా శాఖలో ఇదీ మర్యాద. నేనూ అలాగే చేశాను.

పనికి మఠంతో ఒప్పందం కూడా రాసి ఉంది. డబ్బు బిషప్పుది. పరంజా మొత్తం మఠంవాళ్లు వేయాలి. సున్నానికీ ఇసుకకీ వాళ్ల భూముల్లో తవ్వుకోనివ్వాలి. పీకిన పాత రాళ్లు కొత్త పనికే వాడుకోవాలి. ఈ మూడు షరతులూ చదివినప్పుడు నాకు ఆయన ముఖం కనపడినట్టయింది. ఏ బిషప్పూ ఇసుక ఎవరు తేవాలో రాయించడు. సైటు మీద ఇసుక రాక పని ఆగిపోయినవాడే రాయిస్తాడు.

సమాధి దక్షిణపు వరసలో రెండు స్తంభాల మధ్య ఉంది. సమాధి అనడం కన్నా గుళ్లో చిన్న గుడి అనాలి. నాలుగు పక్కలా రాతి జాలీ, స్తంభాలంత ఎత్తు. ఆ చోటు ఆయనే ఎంచుకున్నాడు. వించెస్టర్లో చదువుకునే పిల్లాడిగా ఉన్నప్పుడు అక్కడే ఒక మేరీమాత బలిపీఠం ఉండేది. పెకిస్ అనే సన్యాసి తెల్లారుజామున పూజ చేస్తుంటే రోజూ వచ్చి నిలబడేవాడట.

లోపల ఆయన పడుకుని ఉన్నాడు, తల కింద దేవదూతలు, రంగుల బట్టలు, చేతులు జోడించి. ముఖం గుండ్రంగా, కాస్త నిద్రలో ఉన్న కరణంలా ఉంది. నేను ఎక్కువసేపు చూసింది పాదాల దగ్గర. ముగ్గురు బుల్లి మనుషులు అక్కడ కూర్చుని ప్రార్థన చేస్తున్నారు, మూరెడు కూడా లేరు. సన్యాసులని కొందరంటారు. మేస్త్రీ విన్‌ఫర్డ్, వడ్రంగి హర్లండ్, పనుల లెక్కలు రాసిన సైమన్ మెంబరీ అని ఇంకొందరు. ముగ్గురి తలలూ కాస్త వంగి, ఏదో కాగితం మీద మాట్లాడుకుంటున్నట్టు ఉన్నాయి. నేను రెండో మాటే నమ్మదలుచుకున్నాను.

జేన్ ఆస్టెన్ సమాధి ఎదుటి వరసలోనే ఉంది. చుట్టూ జనం. మా ఆవిడ అక్కడ కాసేపు నిలబడింది. పునాదుల కింద నీళ్లు నిండి గుడి ఒరుగుతుంటే, 1906 నుంచి 1911 దాకా చీకటి నీళ్లలో మునిగి సిమెంటు బస్తాలు పేర్చిన విలియం వాకర్ అనే గజఈతగాడి బొమ్మ కూడా ఉంది. ఆయన గురించి ఇంకో ప్రయాణంలో.

ఐదో రోజు, బుధవారం: బడి, సత్రం

కథీడ్రల్ వెనక కింగ్స్‌గేట్ దాటితే వించెస్టర్ కాలేజ్. కాలేజీ అని పేరే గానీ బడి. ఆక్స్‌ఫర్డ్‌కి పిల్లలు సిద్ధమై రావాలి గదా అని 1382లో పత్రం రాసి, 1394 మార్చిలో తెరిచాడు. ఇక్కడా 70 మందే. బీద పిల్లలు అని రాశాడు, కానీ తన వంశం పిల్లలకి ముందు పీట వేశాడు. దాంతో తర్వాతి నాలుగు శతాబ్దాలూ ఇంగ్లండులో వికమ్ చుట్టాలమని వంశవృక్షాలు పట్టుకొచ్చినవాళ్లకి లోటు లేదు. కింద బడి, పైన కాలేజీ అనే ఈ జంట ఏర్పాటు చూసి 1440ల్లో ఆరో హెన్రీ విండ్సర్ ఎదుట ఈటన్, కేంబ్రిడ్జిలో కింగ్స్ పెట్టాడు. వించెస్టర్ హెడ్‌మాస్టర్నే ఈటన్‌కి ఎత్తుకుపోయాడు.

గైడు వెంటే తిరగాలి. మాతోపాటు వచ్చిన గుజరాతీ దంపతులు ఒకటే ప్రశ్న అడిగారు, రిషి సునాక్ ఏ గదిలో ఉండేవాడని. ఆయన ఇక్కడ హెడ్‌బాయ్. తర్వాత ఆర్థికమంత్రి, 2022లో ప్రధాని. ఇప్పటి ఫీజులు కనుక్కుని ఆ దంపతులు నిశ్శబ్దం అయిపోయారు.

వంటింటి దగ్గర ఒక వింత బొమ్మ ఉంది, నమ్మకమైన నౌకరు అని. మనిషి శరీరం, పంది మూతి, ఆ మూతికి తాళం, గాడిద చెవులు, లేడి కాళ్లు, ఒక చేతినిండా చీపురూ పారా. ఏది పెట్టినా తినాలి, విన్నది చెప్పకూడదు, తిట్లు ఓర్చుకోవాలి, పరుగెత్తాలి. నా మొదటి ఈఈ ఈ బొమ్మ చూసి ఉంటే ఆఫీసులో ఫ్రేము కట్టించేవాడు.

చాపెల్లో కప్పు చెక్కది, రాయి అనుకుంటాం. హర్లండ్ పనితనం. తూర్పు కిటికీ అడుగున మోకాళ్ల మీద ఉన్న బొమ్మలు చూడమని గైడు చెప్పింది. మేస్త్రీ విన్‌ఫర్డ్, వడ్రంగి, గుమాస్తా మెంబరీ, ఆ అద్దాలు చేసిన థామస్. ఇక్కడ ఊహ లేదు, పేర్లు రాసి ఉన్నాయి. రాజులూ పునీతులూ ఉండే కిటికీలో పనివాళ్లని కూర్చోబెట్టాడు. కాకపోతే ఇప్పుడున్నది నకలు. 1820ల్లో అసలు అద్దాలను బాగుచేయడానికి పంపిస్తే, బాగుచేసేవాళ్లు కొత్తవి చేసి పంపి పాతవి అమ్ముకున్నారు. కొన్ని ముక్కలు ఎక్కడెక్కడో దొరికితే వెనక్కి తెచ్చి పక్క గదిలో పెట్టారు. పాత ఇనుము కాంట్రాక్టర్లు అన్ని దేశాల్లోనూ ఉన్నారు.

మధ్యాహ్నం ఇచెన్ ఏటి గట్టు మీద మైలు పైన నడిచి సెయింట్ క్రాస్‌కి వెళ్లాం. నీళ్లు గాజులా ఉన్నాయి, అడుగున నాచు జుట్టు దువ్వినట్టు ఒకే వైపుకి. 1130ల్లో బిషప్పు హెన్రీ ఆఫ్ బ్లోయ్ పెట్టిన సత్రం ఇది. పదముగ్గురు వృద్ధులకి నీడ, రోజూ వంద మంది పేదలకి భోజనం. వికమ్ వచ్చేసరికి సత్రం అధిపతులు ఆ రాబడిని సొంత ఆస్తిలా తినేస్తున్నారు. ఎద్దులు, ధాన్యం కూడా అమ్ముకున్నారు. కేసు వేశాడు. వాళ్లు పోప్ దాకా వెళ్లారు. ఏళ్ల తరబడి నడిచాక ఈయనే గెలిచి, లెక్కలు అప్పజెప్పించుకున్నాడు. తాను పది చర్చిల జీతం కూర్చుని తిన్నవాడే ఇక్కడ సత్రం సొమ్ము కోసం పట్టు వదల్లేదు. ఈ రెండూ ఒకే మనిషిలో ఎలా ఇమిడాయో నాకు అర్థం కాలేదు. కానీ అలాంటి ఆఫీసర్లని ఇద్దర్ని ఎరుగుదును.

గేటు దగ్గర అడిగినవాళ్లకి ఇప్పటికీ బాటసారి భిక్ష ఇస్తారు. అడగాలి, అడక్కపోతే ఇవ్వరు. ముప్ఫై నాలుగేళ్లు ఎవర్నీ చెయ్యి చాచి అడగలేదని గొప్పలు చెప్పుకునేవాణ్ణి, ఆ కిటికీ ముందు గొంతు సవరించుకున్నాను. చిన్న కొయ్య పళ్లెంలో చదరంగా కోసిన రొట్టె ముక్కలు, బుల్లి కప్పులో గుక్కెడు బీరు. నేను తాగను. రొట్టె తిని, కప్పు పట్టుకుని దిక్కులు చూశాను. మా ఆవిడ నా చేతిలోంచి తీసుకుని, తీర్థం పుచ్చుకున్నట్టు పుచ్చుకుని, తల మీద చెయ్యి రాసుకుంది. లోపలున్న ముసలాయన, నల్ల గౌను వేసుకున్నాడు, నవ్వాడు.

ఆరో రోజు, గురువారం: వికమ్, బిషప్స్ వాల్తమ్

69 నంబరు బస్సు. మేడ లేదు, ముందు సీటు దొరికింది. పొలాలు, గొర్రెలు, మళ్లీ పొలాలు.

వికమ్ పల్లెలో చూడటానికి ఏమీ లేదు, ఒక పెద్ద సంత మైదానం తప్ప. పల్లెకి ఎంత పెద్దదో చూస్తే ముచ్చటేసింది. చుట్టూ ఇళ్లు ఆయన కాలానివి కావు. సెయింట్ నికొలస్ చర్చిలో కాసేపు కూర్చున్నాం. మా ఆవిడ మోకాళ్లకి పనిపడింది గనక కాసేపు ఎక్కువే. మీన్ ఏటి మీద ఒక పాత మిల్లు ఉంది. 1813లో పట్టుకున్న అమెరికా యుద్ధనౌక చెసపీక్‌ని విడగొట్టి ఆ దూలాలతో 1820లో కట్టారు. ఓడ దూలాలు మిల్లు కప్పులో! పాత రాళ్లు కొత్త పనికే అన్న షరతు ఈ ఊరి గాలిలోనే ఉందేమో.

తిరుగు బస్సులో బిషప్స్ వాల్తమ్‌లో దిగాం. ఇక్కడి మహల్లోనే ఆయన 1404 సెప్టెంబర్ 27న పోయాడు. ఎనభై ఏళ్లు. మధ్యలో 1389లో రెండో రిచర్డ్ బతిమాలితే మళ్లీ ఛాన్సలర్ అయ్యాడు. కొన్నాళ్లకి మంత్రులంతా రాజీనామా ఇచ్చి, మా మీద ఫిర్యాదులుంటే చెప్పండని పార్లమెంటు ముందు నిలబడ్డారు. ఎవరూ ఏమీ అనలేదు, మళ్లీ పదవుల్లో కూర్చున్నారు. 1391లో తానే వదిలేశాడు. ఆ 40 పౌండ్ల తర్వాత ఆయనకి అలా నిలబడాలని ఉండే ఉంటుంది.

మహల్ 1644 అంతర్యుద్ధంలో తగలబడింది. ఇప్పుడు టిక్కెట్టు లేని శిథిలం. చెకుముకి రాళ్ల గోడలు, హాలు గోడకి ఎత్తైన కిటికీల ఖాళీలు, వాటిలో ఆకాశం. మేమిద్దరమే ఉన్నాం, ఇంకా ఒక కుక్కని తిప్పుతున్న ఆవిడ. గోడలో పైపూత ఊడిన చోట లోపలి సున్నం కనపడుతోంది, అందులో తెల్లటి సుద్ద గడ్డలు సరిగా కాలక అలాగే ఉన్నాయి. ఏ మేస్త్రీ తొందరపడ్డాడో. వికమ్ చూసి ఉంటే ఒప్పుకునేవాడు కాదు, చూడలేదేమో. అక్కడే గడ్డి మీద కూర్చుని అమ్మాయి కట్టిచ్చిన పులిహోర తిన్నాం.

రాత్రి స్లౌ వచ్చి, అలవాటు ప్రకారం డైరీలో ఖర్చులు రాశాను. బస్సు, టీ, రెండు స్కోన్లు, పోస్టుకార్డులు. రెండు పౌండ్లు తేడా వచ్చింది. మళ్లీ కూడాను, మళ్లీ రెండే. దీపం ఆర్పబోతుంటే మా ఆవిడ అటు తిరిగి పడుకునే అంది: "వికమ్ చర్చి హుండీలో నేను వేశానండీ."

లేచి, పాత అంకె దిద్దకుండా, కింద కొత్త గీత గీసి రాశాను.